ప్రైవేటు కంపెనీ కదా అని ఊరుకోవాలా? ఇంటర్నెట్ కంపెనీలు, మానవ హక్కులు

ప్రశ్న క్లుప్తంగా: "అరుదైన జబ్బున్న రోగులం ఒకరికొకరు సాయం చేసుకునే గ్రూప్ మాది. ఒక పెద్ద సోషల్ మీడియా కంపెనీ దాన్ని రాత్రికి రాత్రి తీసేసింది. 'నిబంధనల ఉల్లంఘన' అన్న ముక్క తప్ప కారణం చెప్పలేదు. ప్రైవేటు కంపెనీ, దాని ఇష్టం అంటున్నారు అందరూ. మానవ హక్కులు ప్రభుత్వాలకేనా, కంపెనీలకు వర్తించవా? మామూలు మనుషులం మనం ఏమైనా చేయగలమా?"

చేయగలరండీ. "దాని ఇష్టం" అనే మాటలో సగమే నిజముంది. మానవ హక్కుల ఒప్పందాల మీద సంతకాలు పెట్టేది ప్రభుత్వాలు. కాబట్టి ఆ ఒప్పందాల పేరు చెప్పి కంపెనీని నేరుగా కోర్టుకు లాగడం చాలాచోట్ల కుదరదు. కానీ హక్కులను గౌరవించే బాధ్యత కంపెనీలకూ ఉందని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి 2011లోనే ఆమోదించింది. చాలా పెద్ద ఇంటర్నెట్ కంపెనీలు ఆ బాధ్యత మాకుందని తమ పాలసీల్లో రాసుకున్నాయి కూడా. మీరు పట్టుకోవలసింది ఆ రాసుకున్న మాటని. దాంతోపాటు మీ దేశంలో డేటా రక్షణ చట్టమో, ప్లాట్‌ఫామ్‌ల మీద చట్టమో ఉంటే మీ చేతిలో ఇంకొంచెం బలం ఉన్నట్టే.

నా పని గురించి ఒక్కమాట. కంపెనీల ప్రైవసీ పాలసీలు, నిబంధనలు, ట్రాన్స్‌పరెన్సీ రిపోర్టులు (ప్రభుత్వాల డిమాండ్లు, తమ చర్యల మీద కంపెనీలు ప్రచురించే లెక్కలు) చదివి, చెప్పేదానికీ చేసేదానికీ తేడా ఎక్కడుందో బయటపెట్టడం ఒక భాగం. అకౌంట్లు పోగొట్టుకున్నవాళ్ళకీ, ఆన్‌లైన్‌లో వేధింపులు పడుతున్నవాళ్ళకీ ఫిర్యాదులు రాసిపెట్టడం ఇంకో భాగం. చాలా ఏళ్ళుగా ఈ రెండూ చేస్తున్నాను కాబట్టి కాస్త పెద్దగానే రాస్తాను.

ముందు ఆ 2011 సూత్రాల సంగతి. హార్వర్డ్ ప్రొఫెసర్ జాన్ రగీ తయారుచేశారు, మొత్తం 31 సూత్రాలు. సారాంశం మూడు ముక్కల్లో చెప్పొచ్చు: ప్రజల హక్కులను కాపాడటం ప్రభుత్వం పని, వాటిని గౌరవించడం కంపెనీ పని, హక్కుకు భంగం కలిగినవాళ్ళకు న్యాయం జరిగే దారి ఉండాలి. నాకు ఇందులో అన్నిటికన్నా విలువైనదిగా అనిపించేది, ప్రభుత్వం తన పని చేసినా చేయకపోయినా కంపెనీ బాధ్యత కంపెనీదేనని స్పష్టంగా చెప్పడం. "అక్కడి చట్టం అలా ఉంది, మేమేం చేస్తాం" అని చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. మరుసటి ఏడాది, 2012లో, బయట మనుషులకున్న హక్కులే ఆన్‌లైన్‌లోనూ ఉంటాయని అదే మండలి తీర్మానించింది. 2018లో భావప్రకటన స్వేచ్ఛ మీద ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి డేవిడ్ కే ఇంకో అడుగు ముందుకేశారు. కంటెంట్ తీసేసేటప్పుడు కంపెనీలు సొంత లెక్కలు వేసుకోకుండా అంతర్జాతీయ మానవ హక్కుల ప్రమాణాలనే కొలబద్దగా పెట్టుకోవాలని తన నివేదికలో సూచించారు.

ఇవన్నీ కాగితాలే కదా అని మీకు అనిపించవచ్చు. కాగితం మీదికి రాని రోజుల్లో ఏం జరిగిందో చూడండి. 2004లో షీ తావ్ అనే చైనా పాత్రికేయుడు, తియానన్మెన్ ఘటన (1989లో బీజింగ్‌లో నిరసనకారులను సైన్యం అణచివేసిన ఘటన) వార్షికోత్సవం గురించి పత్రికలకు అధికారులిచ్చిన ఆదేశాలను తన యాహూ మెయిల్ నుంచి విదేశీ వెబ్‌సైట్‌కు పంపాడు. అధికారులు అడగగానే యాహూ అతని అకౌంట్ వివరాలు ఇచ్చేసింది. 2005లో అతనికి పదేళ్ళ జైలుశిక్ష పడింది. స్థానిక చట్టాన్ని పాటించామన్నది కంపెనీ వాదన. 2007లో అమెరికా కాంగ్రెస్ విచారణకు పిలిచి, యాహూ పెద్దలను అతని తల్లి ఎదుటే నిలదీసింది. ఆ తర్వాత కొద్దిరోజులకే అతని కుటుంబంతో సహా బాధిత కుటుంబాలతో యాహూకు రాజీ కుదిరింది. మరుసటి ఏడాది గూగుల్, మైక్రోసాఫ్ట్, యాహూ కంపెనీలు హక్కుల సంఘాలు, పరిశోధకులు, ఇన్వెస్టర్లతో కలిసి గ్లోబల్ నెట్‌వర్క్ ఇనిషియేటివ్‌ను మొదలుపెట్టాయి. ప్రభుత్వాల నుంచి వచ్చే డిమాండ్లను ఎలా ఎదుర్కోవాలో అందులో నియమాలు రాసుకున్నారు, వాటిని పాటిస్తున్నారో లేదో బయటివాళ్ళతో మదింపు చేయించుకోవడానికి ఒప్పుకున్నారు. ఒక మనిషి జైలుకు వెళ్ళాక గానీ ఆ కాగితం పుట్టలేదు.

ఇంకా పెద్ద గాయం మయన్మార్‌ది. అక్కడ ఇంటర్నెట్ అంటే ఫేస్‌బుక్ అన్నంతగా జనంలోకి వెళ్ళిపోయింది. అక్కడి ముస్లిం మైనారిటీ అయిన రోహింగ్యాల మీద విద్వేషం అందులోనే పెరిగింది. 2015 తొలినాళ్ళలో బర్మీస్ భాష తెలిసి పోస్టులను పరిశీలించేవాళ్ళు కంపెనీలో ఇద్దరే ఉన్నారని రాయిటర్స్ తర్వాత బయటపెట్టింది. పైగా ఆ భాషను కంప్యూటర్లో రాయడానికి రెండు రకాల ఎన్‌కోడింగులు (అక్షరాలను కంప్యూటర్ గుర్తించే పద్ధతులు) వాడకంలో ఉండేవి. అందుకని యంత్రంతో ద్వేషపు మాటలను పట్టుకోవడం మరీ కష్టమైంది. స్థానిక కార్యకర్తలు ముందునుంచీ హెచ్చరిస్తూనే ఉన్నారు. 2017 ఆగస్టు నుంచి సైనిక దాడులకు ఏడు లక్షలమందికి పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌కు పారిపోయారు. 2018లో ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ బృందం ఫేస్‌బుక్ పాత్రను వేలెత్తి చూపింది. అదే ఏడాది నవంబరులో, స్వతంత్ర సంస్థతో చేయించిన మదింపును ప్రచురిస్తూ, మేము చేయవలసినంత చేయలేదని కంపెనీ ఒప్పుకుంది. 2021లో కంపెనీ స్థాయిలో మానవ హక్కుల పాలసీని ప్రకటించింది.

నేను ఎక్కడ మాట్లాడినా ఈ ఉదంతం చెబుతాను. ఎందుకంటే ఇక్కడ సమస్య ఏదో ఒక పోస్టు ఉంచారా తీసేశారా అన్నది కాదు. ఒక భాష మాట్లాడే జనం దగ్గర నుంచి వ్యాపారం చేసుకుంటూ, ఆ భాష చదవగల మనుషులను పెట్టుకోకపోవడం. ఇది ముందుగా అంచనా వేయగల ప్రమాదం, వేయలేదు. కంపెనీని అడగవలసిన మొదటి ప్రశ్న ఇలా ఉండాలి: "ఈ దేశంలో, ఈ భాషలో అడుగుపెట్టే ముందు మానవ హక్కుల మీద పడే ప్రభావాన్ని అంచనా వేశారా? వేస్తే చూపించండి." మీ గ్రూప్ తక్కువమంది మాట్లాడే భాషలో నడుస్తుంటే ఈ ప్రశ్న మీకూ పనికొస్తుంది. మందుల పేర్లు, మోతాదుల గురించి రోగులు మాట్లాడుకుంటే, భాష సరిగా రాని ఆటోమేటిక్ వ్యవస్థ దాన్ని మాదకద్రవ్యాల అమ్మకంగా లెక్కేసిన కేసులు నా దగ్గరికి వచ్చాయి.

ఇప్పుడు మీ సంగతికి వద్దాం. మీరు ఏ దేశంలో ఉన్నారో రాయలేదు కాబట్టి ఎక్కడైనా పనికొచ్చేది ముందు చెబుతాను.

సాక్ష్యం మొదట, కోపం తర్వాత. గ్రూప్ తీసేసినట్టు వచ్చిన నోటిఫికేషన్, తేదీ, సమయం, అడ్మిన్ల అకౌంట్ల పరిస్థితి, గతంలో వచ్చిన హెచ్చరికలు, అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి ఒక ఫోల్డర్లో పెట్టండి. కంపెనీతో జరిగే ప్రతి సంభాషణకూ ఫిర్యాదు నంబర్ ఉంటే రాసుకోండి. ఇది విసుగు పుట్టించే పనే. కానీ తర్వాత నియంత్రణ సంస్థ దగ్గరికి వెళ్ళినా, పాత్రికేయుల దగ్గరికి వెళ్ళినా మొదట అడిగేది ఇదే. స్క్రీన్‌లో కనిపించే హెచ్చరికలు కొన్నాళ్ళకు మాయమైపోతుంటాయి కూడా.

రెండో పని, కంపెనీ నిబంధనలను కంపెనీ మీదే ప్రయోగించడం. అప్పీల్‌లో "మాకు అన్యాయం జరిగింది, మేం మంచివాళ్ళం" అని రాస్తే పని జరగడం నేను చాలా తక్కువగా చూశాను. నిబంధనల్లో ఏ సెక్షన్ కింద తీసేశారో అడగండి. ఆ సెక్షన్‌లో వైద్య సమాచారానికి, పరస్పర సహాయానికి మినహాయింపు ఉంటే ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఉటంకించండి. మనిషి చూశాడా, యంత్రం తీసేసిందా అని అడగండి. ఆ తర్వాత వాళ్ళ మానవ హక్కుల పాలసీలో భావప్రకటన గురించీ, పరిష్కారం గురించీ ఇచ్చిన మాటను చివర్లో ఒక పేరాలో పెట్టండి. ఒకసారి వేధింపులకు ఎదురు నిలిచే మహిళల పేజీ ఒకటి పోయింది. వాళ్ళంటే గిట్టనివాళ్ళు మూకుమ్మడిగా తప్పుడు రిపోర్టులు కొట్టారు. మొదటి అప్పీల్‌కు నిమిషాల్లోనే "మా నిర్ణయంలో మార్పు లేదు" అని జవాబు వచ్చింది. రెండోసారి రాసిన లేఖలో, రిపోర్టుల వెల్లువ ఏ రోజు మొదలైందో స్క్రీన్‌షాట్లతో చూపించి, కూడబలుక్కుని చేసే దుర్వినియోగం మీద కంపెనీ రాసుకున్న సొంత నిబంధననే ఎత్తి చూపాం. హక్కుల సంఘాల కోసం కంపెనీ పెట్టిన ప్రత్యేక ఛానెల్ ద్వారా పంపించాం. పేజీ తిరిగొచ్చింది. వచ్చినా క్షమాపణ లేదు, కారణం లేదు. ఆ ఆడవాళ్ళు పేజీ లేకుండా గడిపిన ఆ కాలంలో ఎవరెవరు సాయం కోసం వచ్చి వెనక్కి వెళ్ళిపోయారో ఎవరికీ తెలియదు. నాకు ఇప్పటికీ బాధగా ఉండేది అదే.

ఆ ప్రత్యేక ఛానెల్ అన్నది మీరు గమనించాలి. అనుభవమున్న డిజిటల్ హక్కుల సంఘం ఏదైనా మీకు అందుబాటులో ఉంటే తప్పకుండా సంప్రదించండి. మామూలు యూజర్ పంపిన ఫారమ్ వెళ్ళే చోటు వేరు, వాళ్ళు పంపిన లేఖ వెళ్ళే చోటు వేరు. ఇది న్యాయమా అంటే కాదు. తెలిసినవాళ్ళుంటేనే పని జరిగే వ్యవస్థ పరిష్కార వ్యవస్థే కాదని నేను కంపెనీల ముఖం మీదే చెబుతుంటాను. కానీ ప్రస్తుతానికి మీ గ్రూప్ తిరిగి రావడం ముఖ్యం.

మూడోది, మీ డేటా అడగండి. యూరప్‌లో జీడీపీఆర్ అనే డేటా రక్షణ చట్టం 2018 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం మీ గురించి కంపెనీ దగ్గర ఉన్న వ్యక్తిగత సమాచారాన్ని అడిగితే మామూలుగా నెలలోపు ఇవ్వాలి. అలాంటి హక్కు ఇంకా చాలా దేశాల చట్టాల్లోకి వచ్చింది. ఇది ఎంతదూరం వెళ్ళగలదో చూడాలంటే మాక్స్ ష్రెమ్స్ కథ చాలు. 2011లో, లా చదువుకుంటున్న రోజుల్లో, ఈ ఆస్ట్రియా కుర్రాడు ఫేస్‌బుక్‌ను తన డేటా ఇవ్వమని అడిగాడు. 1,200కు పైగా పేజీలు వచ్చాయి. తను డిలీట్ చేశాననుకున్నవి కూడా అందులో ఉన్నాయి. అక్కణ్ణుంచి మొదలైన ఫిర్యాదులు ముదిరి, యూరప్ నుంచి అమెరికాకు డేటా పంపడానికి ఉన్న రెండు ఒప్పందాలను యూరప్ అత్యున్నత న్యాయస్థానం 2015లో ఒకటి, 2020లో ఒకటి కొట్టేసేదాకా వెళ్ళాయి. 2023లో ఐర్లండ్ డేటా నియంత్రణ సంస్థ ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటాకు 120 కోట్ల యూరోల జరిమానా వేసింది కూడా ఈ డేటా బదిలీల వ్యవహారంలోనే. అందరికీ అంత ఓపిక ఉండదు, అక్కర్లేదు కూడా. అయితే మీ అకౌంట్ మీద పడ్డ హెచ్చరికలు, తీసుకున్న చర్యల రికార్డు అందులో దొరికే అవకాశం ఉంది. మీకు కావలసింది అదే.

మీరు యూరోపియన్ యూనియన్‌లో ఉంటే పని చాలా తేలిక. 2022లో వచ్చిన డిజిటల్ సర్వీసెస్ యాక్ట్ ప్రకారం మీ కంటెంట్ తీసేస్తే కారణం వివరంగా చెప్పాలి. కనీసం ఆరు నెలలపాటు ఉచితంగా ఫిర్యాదు చేసుకునే వీలుండాలి. ఆ ఫిర్యాదును కేవలం యంత్రంతో తేల్చేయకూడదు. అక్కడా న్యాయం జరగలేదనిపిస్తే కోర్టు బయట వివాదం తేల్చే గుర్తింపు పొందిన సంస్థలు ఉన్నాయి. వాళ్ళ తీర్పుకు కంపెనీ కట్టుబడి తీరాలని లేదు గానీ, చాలామందికి మొదటిసారిగా ఒక మనిషి తమ కేసు చదివిన అనుభవం అక్కడే దొరుకుతోంది. నెలకు 4.5 కోట్లమందికి పైగా యూరప్ యూజర్లున్న ప్లాట్‌ఫామ్‌లైతే తమవల్ల హక్కులకు కలిగే ముప్పును ఏటా అంచనా వేసి, బయటి ఆడిటర్లతో తనిఖీ చేయించుకోవాలి. ఉల్లంఘిస్తే ప్రపంచవ్యాప్త ఆదాయంలో 6 శాతం దాకా జరిమానా.

వేరే దేశమైతే ఇంత స్పష్టమైన దారి ఉండకపోవచ్చు. అప్పుడు ఉపయోగపడేది, చాలామందికి తెలియనిది, ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలున్న ఆర్థిక సహకార సంస్థ) మార్గదర్శకాల కింద ఫిర్యాదు. ఆ మార్గదర్శకాలను ఒప్పుకున్న ప్రతి దేశంలోనూ బహుళజాతి కంపెనీల మీద ఫిర్యాదులు తీసుకునే జాతీయ కార్యాలయం ఒకటి ఉంటుంది. హాని జరిగింది వేరే దేశంలో అయినా, కంపెనీ ప్రధాన కార్యాలయమున్న దేశంలో ఫిర్యాదు చేయవచ్చు. 2021లో మయన్మార్ సైనిక తిరుగుబాటు తర్వాత నార్వే టెలికాం కంపెనీ టెలినార్ తన వ్యాపారం అమ్మేసి వెళ్ళిపోవాలనుకున్నప్పుడు, యూజర్ల డేటా సైన్యం చేతిలో పడుతుందని 474 మయన్మార్ పౌర సంఘాల తరఫున నార్వేలో ఫిర్యాదు దాఖలైంది. దాన్ని స్వీకరించారు, చర్చలు జరిగాయి. అయినా 2022లో అమ్మకం మాత్రం ఆగలేదు. ఈ దారికి ఉన్న పరిమితి అది: మధ్యవర్తిత్వం చేస్తుందే తప్ప ఆజ్ఞ వేయలేదు. అయినా కంపెనీని ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి జవాబు చెప్పించడానికి అక్కరకొస్తుంది.

మీ ఒక్క గ్రూప్ సమస్య దాటి ఆలోచిస్తే, కంపెనీలను పక్కపక్కన పెట్టి కొలవడం బాగా పనిచేసింది. ఇంటర్నెట్ హక్కుల పరిశోధకురాలు రెబెకా మెకిన్నన్ మొదలుపెట్టిన ర్యాంకింగ్ డిజిటల్ రైట్స్ అనే ప్రాజెక్టు 2015లో తొలిసారి 16 ఇంటర్నెట్, టెలికాం కంపెనీలకు మార్కులు వేసింది. బయటికి ప్రకటించిన పాలసీలను మాత్రమే లెక్కలోకి తీసుకుంటుంది. లోపల ఎంత మంచి పని చేసినా రాతపూర్వకంగా బయటపెట్టకపోతే మార్కులు లేవు. ఈ పద్ధతి కఠినమని కంపెనీలు అంటాయి. సరైనదేనని నా అభిప్రాయం. యూజర్‌కు కనబడని మంచితనాన్ని యూజర్ ఎలా నమ్ముతాడు?

నేను పాలసీలు చదివేది కూడా ఇదే దృష్టితో. పాత వెర్షన్, కొత్త వెర్షన్ పక్కపక్కన తెరిచి వాక్యం వాక్యం పోల్చుకుంటూ వెళ్తాను. ఒక సంస్థ పాత పాలసీలో "ప్రభుత్వం మీ సమాచారం అడిగితే, చట్టం అడ్డు చెప్పనంతవరకు మీకు ముందుగా తెలియజేస్తాం" అనే వాక్యం ఉండేది. కొత్త వెర్షన్‌లో పేరా అంతా అలాగే ఉంది, ఆ వాక్యం ఒక్కటే లేదు. పైన మాత్రం "చదవడానికి తేలికగా ఉండేలా మార్చాం" అని రాశారు. ఆ తేడాను రంగు వేసి చూపించి ప్రచురించాక కంపెనీ వాక్యాన్ని తిరిగి పెట్టింది. ఇలాంటివి పట్టుకోవడానికి లాయర్ అయి ఉండనక్కర్లేదు. మీరు వాడే ప్లాట్‌ఫామ్ పాలసీని ఈరోజే సేవ్ చేసిపెట్టుకోండి.

ట్రాన్స్‌పరెన్సీ రిపోర్టులు చూసి మురిసిపోవద్దని కూడా చెప్పాలి. గూగుల్ 2010లో మొదలుపెట్టింది, 2013లో అమెరికా ప్రభుత్వ నిఘా గురించి ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన విషయాల తర్వాత చాలా కంపెనీలు అదే బాట పట్టాయి. ప్రభుత్వాలు యూజర్ల సమాచారం ఎన్నిసార్లు అడిగాయి, ఎన్నిసార్లు ఇచ్చాం అని అందులో ఉంటుంది. కంపెనీ తన సొంత నిబంధనల కింద ఏ భాషలో ఎంత తీసేసింది, అందులో ఎన్ని పొరపాటున తీసేసినవి, అప్పీల్ చేస్తే ఎన్ని తిరిగొచ్చాయి అన్నవి చాలావరకు ఉండవు, లేదా అన్ని దేశాలనూ కలిపి ఒకే అంకెగా ఉంటాయి. మీ గ్రూప్ లాంటి కేసులు మాయమయ్యేది సరిగ్గా అక్కడే. 2018లో హక్కుల సంఘాలు రాసిన శాంటా క్లారా సూత్రాలు కోరింది ఈ లెక్కలు, యూజర్‌కు నోటీసు, అర్థవంతమైన అప్పీల్. పెద్ద కంపెనీలు కొన్ని వాటికి మద్దతు ప్రకటించాయి. అమలు దగ్గరకొచ్చేసరికి ఇంకా చాలా దూరం ఉంది.

ఒక హెచ్చరిక. కంపెనీల మీద కోపంతో "కఠినమైన చట్టం తెండి" అని మనం అడిగే ప్రతిదీ మనకు మేలు చేయదు. జర్మనీ 2017లో తెచ్చిన చట్టం, స్పష్టంగా చట్టవిరుద్ధమైన పోస్టును ఫిర్యాదు వచ్చిన 24 గంటల్లో తీసేయాలని, అందుకు సరైన ఏర్పాటు లేకపోతే 5 కోట్ల యూరోల దాకా జరిమానా అని చెప్పింది. ఉద్దేశం మంచిదే. కానీ జరిమానా భయం ఉన్నప్పుడు కంపెనీ అనుమానమొచ్చినదల్లా తీసేస్తుంది. ఆ చట్టంలో తప్పుగా తీసేసినందుకు శిక్ష ఉండేది కాదు, ఉంచినందుకే శిక్ష. ఆ నమూనాను చూసి కోర్టుల స్వతంత్రత అంతంతమాత్రంగా ఉన్న ప్రభుత్వాలు కూడా గడువులు పెట్టాయి, విమర్శకుల నోరు మూయించడానికి వాడుకున్నాయి. ఎన్‌క్రిప్షన్ (సందేశాలను పంపినవారూ అందుకున్నవారూ తప్ప ఎవరూ చదవకుండా చేసే రక్షణ) బలహీనం చేయమనే డిమాండ్లూ ఇలాంటివే. అందుకని చట్టం ఏది అడిగినా రెండు చూడండి: తప్పుగా తీసేసినా జవాబు చెప్పుకోవలసి వస్తుందా? నిర్ణయం మీద స్వతంత్ర న్యాయస్థానానికి వెళ్ళే దారి ఉందా?

షేర్‌హోల్డర్ల ద్వారా ఒత్తిడి తేవచ్చా అని కొందరు అడుగుతుంటారు. తేవచ్చు, హక్కుల ప్రభావం మీద నివేదిక ఇవ్వమని తీర్మానాలు వస్తూనే ఉన్నాయి. కానీ మెటా, ఆల్ఫాబెట్ (గూగుల్ మాతృసంస్థ) లాంటి చోట్ల వ్యవస్థాపకుల షేర్లకు ఎక్కువ ఓట్లుంటాయి కాబట్టి మిగతావాళ్ళంతా ఒకవైపున్నా తీర్మానం ఓడిపోతుంది. పెన్షన్ ఫండ్లు పట్టుబట్టినప్పుడు మాత్రం కంపెనీ ప్రతినిధులు మాట్లాడటానికి ముందుకొస్తారు.

మీ గ్రూప్‌లో రోగుల వ్యక్తిగత వైద్య వివరాలు ఉంటాయి కాబట్టి చివరగా ఒక విషయం. అప్పీల్ పంపేటప్పుడు సభ్యుల పేర్లు, రిపోర్టులు కనిపించే స్క్రీన్‌షాట్లు జతచేయకండి, పేర్లు నల్లరంగుతో కప్పండి. గ్రూప్ తిరిగొచ్చినా రాకపోయినా, సభ్యుల అనుమతితో ఈమెయిల్ జాబితా ఒకటి ప్లాట్‌ఫామ్ బయట విడిగా ఉంచుకోండి. కంపెనీ మీకు పంపిన నోటీసులో ఉన్న వాక్యం యథాతథంగా (పేర్లు తీసేసి) ఇక్కడ కామెంట్‌లో పెడితే, ఏ సెక్షన్ కింద అప్పీల్ రాయాలో చూసి చెబుతాను.